అట్లాంటా పెరట్లో దాలి

జపాన్‌లో అన్నం మగ్గించిన మట్టిపొయ్యి, సముద్రం దాటి మాంసం కాల్చే కమాడో అయింది. దాన్ని కొనేముందు ఏం చూసుకోవాలి, నిప్పు ఎలా నిలపాలి, వెంట ఏమేం ఉండాలి? ఎనిమిదేళ్లుగా దానితో వండుతున్నవాడి అనుభవం ఇది.

ఆదివారం తెల్లవారుజాము ఐదున్నర. అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెటాలో మా ఇంటి వెనక పెరడు. అమ్మ తణుకు దగ్గర మా ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. నిద్ర వేళలు ఇంకా కుదురుకోలేదు. శాలువా కప్పుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ముదురాకుపచ్చ రంగులో, నడుమెత్తున, నిలబెట్టిన గుడ్డులాంటి పొయ్యి. మంట కనిపించదు, నిప్పులూ కనిపించవు. పై మూత చిల్లులోంచి నీలంగా ఒక సన్నటి పొగ పోగు లేచి ఓక్ చెట్ల కొమ్మల్లో కలిసిపోతోంది.

"మంటేదిరా?" అంది.

"లోపలుందమ్మా. బొగ్గులు."

"మూత పెట్టేస్తే ఆరిపోవూ?"

"అడుగున కాస్త సందు వదిలాను. దాంతోనే సాయంత్రం దాకా నడుస్తాయి."

అమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగి చూసింది. అడుగున ఉన్న చిన్న ఇనుప తలుపు చిటికెన వేలి మందాన తెరిచి ఉంది. లోపల చీకట్లో ఎర్రగా ఒక చుక్క. లేచి, నడుం సర్దుకుని, "ఓస్, ఇది మన దాలే కదురా!" అంది.

ఎనిమిదేళ్లుగా ఈ కమాడో ఏమిటో మావాళ్లకు చెప్పడానికి తంటాలు పడుతున్నాను. గ్రిల్ అన్నాను, అవెన్ అన్నాను, తందూరు అన్నాను. ఏ మాటా అతకలేదు. అమ్మ ఒక్క చూపులో పట్టేసింది.

దాలి చూడనివాళ్ల కోసం ఒక్కమాట. పెరట్లో ఒక మూల మట్టితో కట్టిన గుంట. అందులో పిడకలు పేర్చి, రాజుకున్నాక పాలకుండ పెట్టి మూత వేస్తారు. మంట లేవదు, అలాగని నిప్పు ఆరదు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, చపాతీ మందాన మీగడ కడతాయి. ఆ పాల పెరుగుకు చిన్న పొగ వాసన ఉంటుంది. అది తిని పెరిగినవాళ్లకు ఇంకే పెరుగూ ఆనదు. దాలిలో నిప్పును అంతసేపు నిలిపేది పిడకల మీది నివురు, చుట్టూ ఉన్న మట్టి గోడ. గాలి ఎంత అందితే నిప్పు అంతవరకే. కమాడోలో ఉన్న కిటుకు మొత్తం ఇదే. దీన్ని కొన్నవాళ్లు చాలామంది బొగ్గు గురించి, మసాలా గురించి ఆలోచిస్తారు. గాలి గురించి ఆలోచించరు. అందుకే నాకు తెలిసిన మూడు నాలుగు ఇళ్లలో వెయ్యి డాలర్లు దాటి పోసి కొన్న పొయ్యి కవరు కప్పుకుని మూలన కూర్చుంది. అది చూస్తే నాకు బాధ. ఈ కథనం రాయడానికి ఆ బాధే కారణం.

అత్తెసరు పొయ్యి

జపాన్ భాషలో కమాడో అంటే పొయ్యి. అంతకుమించి అర్థం లేదు. పాతకాలపు జపాన్ ఇళ్లలో మట్టినేల ఉన్న వంటగదిలో దీన్ని గోడ వారగా కట్టుకునేవారు. అన్నం వండేది దాని మీదే. పొయ్యికి ఒక దేవుడూ ఉండేవాడు, అతనికి పూజా ఉండేది. పొయ్యికి పసుపు, బొట్టు పెట్టి పాలు పొంగించే మనకు అదేమీ వింత కాదు.

ఈనాటి కమాడోకు అసలు తాత ఆ గోడవారగా కట్టిన పొయ్యి కాదు, 'ముషికమాడో'. 'ముషి' అంటే ఆవిరి మీద ఉడికించడం. గుండ్రటి మట్టి పాత్ర, దాని మీద గుమ్మటంలాంటి మూత, అడుగున గాలికి తలుపు, పైన పొగకు చిల్లు. బియ్యం కుండను లోపల దించి, ఎసరు పొంగేదాకా మంట పెట్టి, తరువాత కిందా పైనా మూసేస్తారు. గోడలు పట్టుకున్న సెగతోనే అన్నం మగ్గుతుంది. గంజి వార్చే పని లేదు. మన అత్తెసరుకు మట్టితో ఇల్లు కట్టినట్టు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో మకాం వేసిన అమెరికా సైనికులు దీన్ని చూశారు. అన్నం సంగతి వదిలేసి అందులో కోడినీ మాంసాన్నీ పెట్టారు. తమ ఇనుప గ్రిల్‌లో ఎండిపోయే మాంసం ఇందులో తడి ఆరకుండా రావడం వారికి ఆశ్చర్యం. ఇళ్లకు తిరిగి వెళ్లేటప్పుడు వీటినీ ఓడల్లో, విమానాల్లో వేసుకుపోయారు. అలా జపాన్ తెలిసిన నౌకాదళపు మనిషి ఎడ్ ఫిషర్. 1974లో అట్లాంటాలో కొట్టు తెరిచి, పచింకో అనే జపాన్ ఆట యంత్రాలతో పాటు ఈ మట్టిపొయ్యిలనూ అమ్మాడు. అప్పటివి మామూలు మట్టివి, కొన్నేళ్లు వాడితే పగుళ్లిచ్చేవి. వేడికీ చలికీ తట్టుకునే సిరామిక్‌తో చేయించి, ఆకుపచ్చ రంగు వేసి, 'బిగ్ గ్రీన్ ఎగ్' అని పేరు పెట్టాక దాని దశ తిరిగింది. ఆ గుడ్లు మెక్సికోలోని మాంటెరేలో తయారవుతాయి. 2009లో మొదలైన ఎర్ర రంగు 'కమాడో జో' పుట్టిల్లూ జార్జియా రాష్ట్రమే. కోలగా ఉండే 'ప్రీమో'దీ ఇదే రాష్ట్రం. ఏటా అక్టోబరులో అట్లాంటా చుట్టుపక్కల ఎగ్ అభిమానులు కలుసుకుని వండుకునే జాతర 1998 నుంచి సాగుతోంది. తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన ఈ ఉత్తర అట్లాంటా శివార్లే కమాడోకు అమెరికాలో సొంతూరు. మనవాళ్ల పెరళ్లలోకి అది నడిచి రావడం సహజం.

కమాడోకు మూడువేల ఏళ్ల వంశవృక్షం గీసి, తందూరును దాని ముత్తాతగా చూపించే అమ్మకపు రాతలు చాలా కనిపిస్తాయి. నాకు అవి నచ్చవు. కాళీబంగన్‌లో హరప్పా కాలపు తందూరులాంటి పొయ్యిలు బయటపడిన మాట నిజమే. కానీ తందూరు నోరు తెరుచుకుని ఉంటుంది, కమాడో ప్రాణమంతా మూతలో ఉంది. రెండూ మట్టివే అయినంత మాత్రాన ఒక ఇంటివి కావు.

నిప్పు కాదు, గాలి

1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ ఉక్కు గోళాన్ని రెండుగా కోసి మూత గ్రిల్ చేశాడు. అదే వెబర్ కెటిల్. అమెరికా పెరళ్లలో మూతపెట్టి కాల్చడం అలవాటు చేసింది అదే. దాని గోడ పల్చటి రేకు. సెగ నిలవదు కాబట్టి బొగ్గు ఎక్కువ మండాలి, బొగ్గు మండాలంటే గాలి ఎక్కువ పారాలి, పారే గాలి మాంసంలోని తడిని ఎత్తుకుపోతుంది. కమాడో గోడ అంగుళం మందాన ఉంటుంది. ఒకసారి వేడెక్కితే వదలదు. కాబట్టి బొగ్గు తక్కువ చాలు, గాలి తక్కువ చాలు, లోపలి తడి లోపలే ఉంటుంది. ఒకసారి నిండుగా పోసిన బొగ్గు సన్నసెగ మీద పదిహేను గంటలు రావడం నేను చాలాసార్లు చూశాను. నీళ్ల పళ్లెం పెట్టాల్సిన పనీ లేదు.

చెయ్యాల్సింది రెండు చోట్లే. అడుగు తలుపు గాలిని లోపలికి పిలుస్తుంది, పైచిల్లు దాన్ని బయటికి లాగుతుంది. అడుగున చిటికెన వేలి సందు, పైన గోరంత చీలిక ఉంటే 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుస్తుంది. ఇది మాంసం గంటలకొద్దీ మగ్గే సెగ. అడుగున రెండు వేళ్లు, పైన సగం తెరిస్తే 180. కోడి కాల్చడానికీ, బ్రెడ్డుకూ, కేకుకూ ఇదే. రెండూ బార్లా తెరిస్తే 350 దాటిపోతుంది. ఈ కొలతలు నా పొయ్యివి. మీ పొయ్యి, మీ బొగ్గు, మీ ఊరి గాలి వేరు. నాలుగైదు వంటలయ్యేసరికి మీ వేళ్లకే తెలుస్తుంది. తలుపు కదిపాక పావుగంట ఓపిక పట్టాలి. అప్పుడుగానీ ముల్లు మాట వినదు.

ఆ ఓపిక లేక నేను మొదటి వేసవిలోనే దెబ్బతిన్నాను. నలుగురిని భోజనానికి పిలిచాను. కోడికి 180 కావాలి. త్వరగా రాజుకోవాలని రెండు తలుపులూ బార్లా తీసి, ఉల్లిపాయలు తరగడానికి లోపలికి వెళ్లాను. ఇరవై నిమిషాల తరువాత వచ్చి చూస్తే ముల్లు 300 దాటింది. కంగారుపడి రెండూ మూసేశాను. గంట గడిచినా పెద్దగా దిగలేదు. ఎలా దిగుతుంది? అప్పటికే డెబ్బై కిలోల సిరామిక్ కాలి ఉంది. రేకు గ్రిల్‌లో చేసిన తప్పును పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు, ఇందులో కుదరదు. అందుకే అనుకున్న వేడి ఇంకా ముప్పై డిగ్రీలు దూరంలో ఉండగానే తలుపులు మూస్తూ రావాలి. ఎక్కేటప్పుడే పట్టుకోవాలి.

ఆ రోజు అంతటితో అయిపోలేదు. విసుగొచ్చి మూత ఒక్క ఊపున ఎత్తాను. అప్పటిదాకా గాలికి మొహం వాచి ఉన్న నిప్పుకు ఒక్కసారి గాలి దొరికింది. భగ్గుమని మంట నా మోచేతి దాకా వచ్చింది. చేతి మీది వెంట్రుకలు మాడాయి, కుడి కనుబొమ సగం పోయింది. మూతకూ ఒంటికీ మధ్య ఉండే ఫెల్ట్ పట్టీ, దాన్నే గ్యాస్కెట్ అంటారు, జిగురు కరిగి ఊడి వచ్చింది. పిల్లలు పక్కన లేకపోవడం మా అదృష్టం. వేడిగా ఉన్న కమాడో మూతను మొదట రెండంగుళాలు ఎత్తి ఆగాలి. నాలుగైదు క్షణాలు లోపలికి గాలి పోనిచ్చి, తరువాత నెమ్మదిగా తెరవాలి. ఈ పొయ్యి ముట్టుకునే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు వచ్చేదాకా మూత మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

కొత్త పొయ్యికి మొదటి మూడు నాలుగు వంటలూ 180 దాటకుండా చేసుకుంటే గ్యాస్కెట్ జిగురు కుదురుకుంటుంది, మట్టిలోని చెమ్మ మెల్లగా పోతుంది. వానాకాలమంతా తడిసిన పొయ్యిని ఒక్కసారి ఎర్రగా కాల్చినా ఇదే ప్రమాదం, చెమ్మ ఆవిరై పగుళ్లిస్తుంది. మన తీరప్రాంతపు ఉక్కలో దీన్ని పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పూత మీద వెంట్రుకల్లాంటి గీతలు కనబడితే మాత్రం భయపడొద్దు. పాత పింగాణీ గిన్నెల మీద కనిపించేవీ అలాంటివే.

సర్కారు తుమ్మ గుర్తొచ్చిన బొగ్గు

కమాడోలో ముక్క బొగ్గే వాడాలి. అంటే కట్టెను కాల్చిన అసలు బొగ్గు, ఆకారం లేని ముక్కలు. పొడిని గంజితో అదిమి చేసే బ్రికెట్ల నుంచి బూడిద ఎక్కువ వస్తుంది. సన్నటి గాలి మీద బతికే పొయ్యికి బూడిదే శత్రువు, అడుగు చిల్లులు పూడుకుపోయి నడివంటలో నిప్పు చచ్చిపోతుంది. ఈ కారణంతోనే ప్రతి వంటకు ముందూ పాత బొగ్గును కదిలించి బూడిద దులపాలి. పెద్ద ముక్కలు అడుగున, చిన్నవి పైన పేర్చాలి. బస్తా ఎత్తి గుమ్మరిస్తే నుసి అంతా అడుగుకు చేరుతుంది.

ముట్టించడానికి కిరోసిన్ గానీ, సీసాల్లో అమ్మే లైటర్ ద్రవం గానీ దగ్గరికి కూడా రానివ్వొద్దు. సిరామిక్ ఆ వాసన పీల్చుకుంటుంది, నెలల తరబడి మీ తిండిలో పెడుతుంది. మైనం కలిపిన రంపపుపొట్టు ముక్క ఒకటి బొగ్గు నడుమ దాచి ముట్టిస్తే చాలు. సన్నసెగకు ఒక్కచోటే ముట్టించాలి. మొదట తెల్లగా, చిక్కగా పొగ వస్తుంది. అది కళ్లకూ నాలుకకూ చేదు. అరగంట, ముప్పావుగంట ఆగితే పలచబడి నీలం తిరుగుతుంది. మాంసం పెట్టాల్సింది అప్పుడు. అతిథులు గుమ్మంలో ఉన్నారని తెల్లపొగలో పెట్టిన మాంసం ఎంత మసాలా వేసినా బాగుపడదు.

టెక్సస్, మెక్సికోల్లో మెస్కీట్ బొగ్గుకు గొప్ప పేరు. మొదటిసారి ఆ బస్తా విప్పి ముట్టించినప్పుడు చిటపటమంటూ నిప్పురవ్వలు ఎగిరాయి, ఆ వాసన నాకు ఎక్కడో తెలుసనిపించింది. తరువాత చదివితే తెలిసింది, అది మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే జాతి చెట్లు, రెండూ అమెరికా ఖండానివే. మన మెట్టలో చెరువు గట్లనూ బీళ్లనూ ఆక్రమించిన ఆ ముళ్ల చెట్టును కాల్చి బొగ్గు చేసి బతికేవాళ్లు ఎందరో. హైదరాబాదులోనో విజయవాడలోనో కమాడో పెట్టుకున్నవాళ్లు విదేశీ బస్తాల కోసం వెతకనక్కర్లేదు. బాగా కాలి, తడి లేని, విరిస్తే గాజులా మోగే తుమ్మ బొగ్గు, సరుగుడు బొగ్గు చాలు. రవ్వలు చల్లారేదాకా దూరంగా నిలబడాలి, అంతే.

పొగ రుచి కోసం బొగ్గులో రెండు మూడు కట్టెముక్కలు వేస్తాం. ఇక్కడ పికాన్, ఓక్, ఆపిల్, చెర్రీ దొరుకుతాయి. ఎండిన గట్టి కట్టె ఏదైనా మంచిదే. జిగురు కారే పైన్ జాతి వద్దు, రంగు పూసినవీ ప్లైవుడ్డూ అసలే వద్దు. గుప్పెడు కట్టె చాలు. లోపల గాలి తక్కువ కదా, పొగ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఏం కొనాలి, ఏం ఆగొచ్చు

పొయ్యి కొన్న కొట్లోనే మనిషిని పట్టుకుని ఇంకో పొయ్యికి సరిపడా సామాను అంటగడతారు. అందులో మొదటి ఏడాది నిజంగా కావలసినవి రెండే.

ఒకటి డిఫ్లెక్టర్, అంటే నిప్పులకూ జాలీకీ మధ్య పెట్టే మందపాటి సిరామిక్ పలక. అది లేకపోతే మీది ఖరీదైన కుంపటి. అది పెడితే నిప్పు సెగ నేరుగా తగలకుండా గోడల వెంట ఎక్కి, గుమ్మటాన్ని తాకి, పైనుంచి దిగుతుంది. కుంపటి అవెన్ అయిపోతుంది. కొన్ని కంపెనీలు దీన్ని పొయ్యితోనే ఇస్తాయి, కొన్ని విడిగా అమ్ముతాయి. ధర పోల్చేటప్పుడు ఇది చూసుకోండి.

రెండోది మంచి థర్మామీటర్. మూతకు బిగించి వచ్చే ముల్లు గడియారాన్ని గుడ్డిగా నమ్మొద్దు. అది గుమ్మటం కింది వేడి చెబుతుంది, మాంసం ఉన్న జాలీ దగ్గర పది ఇరవై డిగ్రీలు తేడా ఉండొచ్చు. ఆరునెలలకోసారి దాన్ని ఊడదీసి మరిగే నీళ్లలో ముంచి చూడండి, 100 దగ్గర నిలవాలి. నాది ఒకసారి 88 చూపించింది, వెనక నట్టు తిప్పి సరిచేసుకున్నాను. మాంసం లోపలి వేడికి గుచ్చి చూసే డిజిటల్ సూది విడిగా కావాలి. కోడి లోపల 74 డిగ్రీలు వచ్చిందా లేదా అన్నది కంటితో తేలే విషయం కాదు. ఇంటిల్లిపాదీ తినే తిండి.

వీటి తరువాత తోలు గ్లవుజులు, పొడుగు పటకారు, బూడిద లాగే గరిట. చిల్లుల ఉక్కు బుట్ట ఒకటి కొనుక్కుంటే బొగ్గు దులపడం తేలిక, గాలీ బాగా ఆడుతుంది. పిజ్జా రాయి కొంటే ఒక సంగతి. దాన్ని డిఫ్లెక్టర్ మీద నేరుగా పెడితే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. మధ్యలో మూడు చిన్న దిమ్మలు పెట్టి సందు వదలాలి. పోత ఇనుప మూకుడు ఇంట్లో ఉంటే అది చాలు, కమాడో గుర్తు వేసిన మూకుడు అక్కర్లేదు. దానంతట అదే గాలి ఊదుతూ వేడిని నిలిపే ఫ్యాన్ పెట్టెలు వచ్చాయి. రాత్రంతా వండేవాళ్లకు అవి సుఖమే. కానీ మొదటి ఏడాది కొనొద్దని నా గట్టి మాట. తలుపు కదపడం చేతికి రావాలి, కరెంటు పోయినా వంట ఆగకూడదు.

సైజు గురించి చాలామంది అడుగుతారు. నలుగురైదుగురు ఉన్న ఇంటికి 46 సెంటీమీటర్ల జాలీ ఉండే 'లార్జ్' సరిపోతుంది. సామాను దొరికేదీ దానికే ఎక్కువ. బరువు డెబ్బై కిలోల పైమాటే. చక్రాల స్టాండు మీద కదిపేటప్పుడు వెనక హింజి పట్టుకుని లాగాలి, ముందు నుంచి తోస్తే బోల్తా పడుతుంది. చెక్క బల్లలో అమర్చుకునేవాళ్లు పొయ్యిని చెక్క మీద నేరుగా దించొద్దు. కింద రాతిపలకో, ఇనుప ముక్కాలి పీటో ఉండి గాలి ఆడాలి. బల్లలు కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఇంటి గోడకు మూడు మీటర్లు ఎడంగా ఉంచండి. గరాజులో, బాల్కనీలో, గదిలో ఎప్పుడూ ముట్టించొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. మూతనూ ఒంటినీ చుట్టి పట్టే రెండు ఇనుప పట్టీలు ఉంటాయి. నాకు పొయ్యి బిగించి ఇచ్చినవాళ్లు పై పట్టీని సరిగా బిగించలేదు. ఒక పెద్దసెగ వంటలో ఇనుము వ్యాకోచించి, మూత ఎత్తగానే గుమ్మటం పట్టీలోంచి జారింది. గ్లవుజు ఉండబట్టి పట్టుకోగలిగాను. మొదటి నెలలోనూ, తరువాత ఏటా ఒకసారీ, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు ఆ నట్లు బిగించుకోండి. పేరున్న కంపెనీలు మొదట కొన్నవారికి సిరామిక్ భాగాల మీద జీవితకాలపు హామీ ఇస్తాయి. రసీదు దాచుకోండి. రెండో చేతిది చవగ్గా దొరికినా ఆ హామీ రాదు.

శుభ్రం చేయడానికి సబ్బునీళ్లు పొయ్యకూడదు. ఒకసారి పెద్ద సెగ మీద ఖాళీగా కాలిస్తే లోపలి జిడ్డంతా బూడిదై రాలుతుంది.

మేక తొడ

మళ్లీ ఆ ఆదివారానికి వస్తాను. ముందు రాత్రే రెండున్నర కిలోల మేక తొడకు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, వేయించి దంచిన ధనియాలు, మిరియాలు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగు వెయ్యలేదు. పెరుగు ఉంటే పైన చెక్కు కట్టదు. ఐదున్నరకు 120 డిగ్రీల దగ్గర జాలీ మీదికి ఎక్కించాను.

ఎనిమిదయ్యేసరికి లోపలి వేడి 66కు వచ్చి ఆగిపోయింది. అరగంట చూశాను, ముప్పావుగంట చూశాను, ఒక్క డిగ్రీ కదల్లేదు. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి తలుపులు తెరుస్తారు. కొత్త కుండలో నీళ్లు చల్లబడటానికి ఏది కారణమో దీనికీ అదే కారణం. మాంసం పైకి చెమ్మ ఊరి ఆవిరవుతూ, ఎక్కిన వేడిని ఎక్కినట్టే పట్టుకుపోతుంది. ఆ చెమ్మ తగ్గాక మళ్లీ ఎక్కుతుంది. ఆగడం ఇష్టం లేకపోతే మూసి ఉడికించాలి. పైన ముదురు గోధుమ రంగు చెక్కు కట్టింది కాబట్టి నేను ఆగలేదు. తొడను పోత ఇనుప గిన్నెలోకి మార్చి, ఉల్లిపాయ చీలికలు, రెండు టమాటాలు, గ్లాసుడు నీళ్లు పోసి మూతపెట్టి మళ్లీ లోపల దించాను.

"ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది అమ్మ. సూది చూపించాను. 93 దగ్గరికి రావాలి, అప్పటికి కండరాలను పట్టి ఉంచే పదార్థం కరిగి జిగురవుతుంది అన్నాను. అమ్మ పటకారు అడిగి తీసుకుని, ఎముక చివర పట్టి మెల్లగా తిప్పింది. ఎముక మాంసంలోంచి వదులుగా తిరిగింది. "అయిపోయింది, దించెయ్" అంది. సూది గుచ్చాను. 94.

పన్నెండున్నరకు అన్నం, చారు, ఆ మాంసం. మధ్యలో అమ్మ నాలుగు వంకాయలకు నూనె రాసి జాలీ అంచున పెట్టి ఉంచింది. తొక్క ముడతలు పడి, లోపలి గుజ్జు పొగ పీల్చుకుని వెన్నలా అయింది. దాంతో చింతపండు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి పచ్చిపులుసు పిసికింది. మా అబ్బాయి మాంసం పక్కన పెట్టి పచ్చిపులుసు మూడుసార్లు వేయించుకున్నాడు. కమాడో అంటే మాంసం పొయ్యి అనుకునేవాళ్లు ఈ వంకాయను ఒకసారి తినాలి.

భోజనాలయ్యాక నేను రెండు తలుపులూ మూయబోయాను. గాలి అందక నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మరో వంటకు పనికొస్తుంది. పొదుపు పద్ధతి అదే. అమ్మ ఆపింది.

"ఉన్న నిప్పు ఎందుకు చంపుతావు? పాలున్నాయా?"

ఫ్రిజ్‌లో గ్యాలన్ డబ్బా ఉంది. చిక్కటి పాలే, మా ఊరి గేదె పాలు కాకపోయినా. లోపలి అలమరలో నాలుగేళ్లుగా వాడని మట్టికుండ ఒకటి ఉంటే కడిగి, గంటసేపు నీళ్లలో నానబెట్టింది. డిఫ్లెక్టర్ మీద జాలీ, జాలీ మీద కుండ. సగం డబ్బా పాలు పోసింది. తలుపు ఎంత తెరవాలని అడిగాను. నా చెయ్యి పక్కకు నెట్టి తనే వంగి, సందు చూసుకుంటూ జరిపింది. కొంచెం మూసింది. మళ్లీ వెంట్రుకవాసి తెరిచింది. ముల్లు వైపు చూడలేదు. కాసేపటికి నేను చూశాను. 105 దగ్గర నిలబడి ఉంది.

సాయంత్రం ఆరున్నరకు మూత రెండంగుళాలు ఎత్తి, ఆగి, తెరిచాను. పాలు ముప్పాతిక వంతుకు దిగాయి. ముదురు మీగడ, అంచుల్లో ఇటుక రంగు. గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి, గుడ్డ కప్పి, వంటగది గట్టు మీద ఉంచింది అమ్మ.

సోమవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే గిన్నెలో వేసి ఇచ్చింది. నిలబడే తిన్నాను. చెంచాతో మీగడ తెగలేదు, వేళ్లతో తుంచుకోవలసి వచ్చింది.